తమ్ముడు ఇంటికొచ్చాడు, అందరికీ వందనాలు

శ్రీలంకలో ఈస్టర్ నాటి బాంబుల్లో దెబ్బలు తగిలిన మా తమ్ముడు మొన్న సింగరాయకొండ స్టేషన్‌లో దిగాడు. చేతికి కట్టు ఉంది, కుడి చెవి సరిగ్గా వినపడదు, మనిషి మాత్రం దక్కాడు. అడుగుతున్న వాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

వాడు శ్రీలంకలో నెగొంబో దాటాక ఒక రొయ్యల హేచరీలో (రొయ్య పిల్లల్ని పుట్టించే చోటు) టెక్నీషియన్. మేం బాప్టిస్టులం, కటువాపిటియలోని సెయింట్ సెబాస్టియన్ చర్చేమో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళది, అయినా పండగ పూట గదిలో ఒక్కడివే ఎందుకని తోటివాళ్ళు పిలిస్తే వెళ్ళాడు. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్. ఇక్కడ మేం తెల్లవారు ఆరాధన చూసుకుని ఇంటికొచ్చి ఇడ్లీలు తింటున్నాం. అక్కడ కొలంబోలో సెయింట్ ఆంథోనీ చర్చి, వీళ్ళు వెళ్ళిన సెయింట్ సెబాస్టియన్, బట్టికలోవాలో జియోన్ చర్చి, మూడు పెద్ద హోటళ్ళు, అన్నిచోట్లా ఆ పొద్దునే బాంబులు. 250 మందికి పైగా పోయారు, అందులో వందమందికి పైగా వీడు వెళ్ళిన చర్చిలోనే. లోపల చోటు లేక గుమ్మం బయట నిలబడ్డాడు కాబట్టి పెంకులు, గాజు ముక్కలతో పోయింది.

దాడి జరగొచ్చని మన దేశం ఏప్రిల్ 4నే చెప్పిందట, అక్కడ పట్టించుకున్న వాళ్ళు లేరు. తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

కర్ఫ్యూ పెట్టారు, వాట్సాప్, ఫేస్‌బుక్ ఆపేశారు, వాడి ఫోను కలవదు, అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అప్పుడు వాడి ఇంటి ఓనరమ్మ ఆసుపత్రిలో వార్డు వార్డూ తిరిగి వాణ్ణి పట్టుకుని తన ఫోన్ చేతికిచ్చింది. ‘అక్కా, అమ్మ పంపిన కొత్త చొక్కా పాడైపోయింది’ అన్నాడు, అదీ వాడి మొదటి మాట! ఆమెకు తమిళం వచ్చు, మాకు రాదు. తన పని మానుకుని రోజూ మా తరఫున ఆమెతో మాట్లాడిన కావలి లారీ ఆఫీసు అన్నకి, వాడికి తన చేత్తో అన్నం తినిపించిన అక్కడి నర్సమ్మకి, రక్తం ఇచ్చిన ముక్కూ మొహం తెలియని వాళ్ళకి, చెన్నై ఎయిర్‌పోర్టులో రాత్రంతా కాచుకుని వాణ్ణి నెల్లూరు చేర్చిన బాబాయి స్నేహితులకి, ఫీజు అడగని చెవి డాక్టరు గారికి దండాలు. ప్రార్థన చేసిన సంఘానికీ, మసీదు వీధి నుంచి వచ్చి అమ్మ పక్కన కూర్చున్న చాచీకి కూడా. వాడి ఫొటో పెట్టి ఎవరెవరినో తిడుతూ మెసేజ్‌లు తిప్పే వాళ్ళు దయచేసి ఆపండి, వాడికే నచ్చడం లేదు.

చెరువుల రైతులు పోగుచేసి ఇచ్చిన డబ్బులో కొంత మిగిలింది. తమ్ముణ్ణి చర్చికి పిలిచిన తోటివాళ్ళలో ఒకతని భార్య అక్కడే చనిపోయింది, చిన్నపిల్లలు. అది వాళ్ళకు పంపుదామనుకుంటున్నాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆదివారం లోపు నాకు ఫోన్ చేయండి.