నీళ్లను కాల్చి కరెంటు తీయలేం, మంత్రిగారూ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలతో.

చెత్త పన్ను రద్దు చేశారు, సంతోషం. ఇంటి పన్ను కడుతున్నవాళ్ల దగ్గర చెత్తకు మళ్లీ వేరే వసూలేమిటని జనం అప్పట్లో బాగానే మండిపడ్డారు. అయితే పన్ను పోయినంత మాత్రాన ఖర్చు పోదు కదా. ఆటోల నిర్వహణ, కార్మికుల జీతాలు, కాపులుప్పాడ డంపింగ్ యార్డు దాకా రవాణా, వీటన్నిటికీ డబ్బు ఎక్కడినుంచో రావాలి. చెత్త నుంచే ఆదాయం తీయొచ్చని ప్రభుత్వాలు ఎప్పటినుంచో అంటున్నాయి. నేనూ అదే నమ్ముతాను. కాకపోతే ఆ ఆదాయాన్ని మనం కాపులుప్పాడలో వెతుకుతున్నాం. అక్కడికి చేరేసరికే సగం సరుకు పాడైపోతుంది.

విశాఖలో రోజుకు వెయ్యి టన్నులకు అటూ ఇటూగా చెత్త పోగవుతుంది. అందులో దాదాపు సగం తడి చెత్తే. అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలు, చేపల పొట్టు. కాపులుప్పాడలో 15 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు ఉంది, మంచిదే. కానీ తడి చెత్తలో ఎక్కువ భాగం నీరు. అది ఆవిరి కావడానికే బోలెడంత వేడి ఖర్చవుతుంది. ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది? బాగా మండే కాగితం, ప్లాస్టిక్ నుంచి. అంటే అమ్ముకోగలిగిన సరుకును తగలబెట్టి, అమ్ముడుపోని దాన్ని ఆరబెడుతున్నామన్నమాట. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పిందీ వేరు చేయమనే: తడి చెత్త ఎరువుకో గ్యాస్‌కో, రీసైక్లింగ్‌కు పనికిరాక బాగా మండేది మాత్రమే విద్యుత్‌కు. ప్లాంటు మూసేయమని నేననడం లేదు. చిరిగిన గుడ్డలు, మట్టిపట్టిన కవర్లు అక్కడికే పోవాలి. అరటి తొక్కలకు అక్కడేం పని?

ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన బయో సీఎన్‌జీ (తడి చెత్త నుంచి తీసి బండ్లకు వాడే గ్యాస్) ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త. పూర్తి స్థాయిలో నడిస్తే దాదాపు 17 వేల కిలోల గ్యాస్ వస్తుందని లెక్క, అంటే టన్నుకు 30 కిలోల పైమాటే. ప్లాంటు నడిపే సంస్థ కార్పొరేషన్‌కు ఏడాదికి 2.5 కోట్లు చెల్లించేలా ఒప్పందం కుదిరింది. అదేం మాయ కాదు. అక్కడ తడి చెత్త విడిగా వస్తుంది, అంతే.

‘మన జనం వేరు చేయరండీ’ అంటారు అధికారులు. సరే, ఇళ్లను కాసేపు పక్కన పెడదాం. ఎవరూ వేరు చేయనక్కర్లేని చోట్లు ఊరినిండా ఉన్నాయి. సాయంత్రం రైతుబజారు కట్టేసే వేళకు వెళ్లి చూడండి. ఒక మూల కాలీఫ్లవర్ ఆకులు, ముల్లంగి ఆకులు, మెత్తబడ్డ టమాటాలు మోకాలెత్తు పడి ఉంటాయి. అందులో ప్లాస్టిక్ దాదాపు ఉండదు. పూర్ణా మార్కెట్, కల్యాణ మండపాలు, పెద్ద హోటళ్లు కూడా అంతే. మార్కెట్ సంఘాలు, హోటళ్లు, పెద్ద సంస్థలు వీలైనంతవరకు తమ తడి చెత్తను తమ ఆవరణలోనే చూసుకోవాలని ఆ 2016 నిబంధనలే చెప్పాయి.

బీచ్ రోడ్డులో కొబ్బరి బొండాల సంగతి మరీ విడ్డూరం. తాగి పారేసిన బొండాలు చెత్త బండిలో సగం చోటు తినేస్తాయి, త్వరగా కుళ్లవు, పచ్చిగా ఉంటే కాలవు. అదే బొండాన్ని చిదిమితే పీచు వస్తుంది, మిగిలిన పొట్టు, కుండీల్లో మట్టికి బదులు వాడే కోకోపీట్ అవుతుంది. నర్సరీలవాళ్లు దాన్ని డబ్బిచ్చి కొంటారు, నర్సరీలకు పేరుపడ్డ కడియం మనకు మరీ దూరమేమీ కాదు. సాయంత్రం బీచ్‌లో బొండం పారేసి, రాత్రికి మిద్దె తోట కోసం ఆన్‌లైన్‌లో కోకోపీట్ ఇటుక ఆర్డర్ చేసే ఊరు మనది!

పొడి చెత్త లెక్క తెలుసుకోవాలంటే ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు, పాత సామాను కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. పొడిగా ఉన్న అట్టపెట్టెను తూకం వేసి డబ్బులిస్తాడు. సాంబారు అంటిందా, పక్కకు నెట్టేస్తాడు. పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, ఇనుము దేనికి ఎంతో నోటిమీదే చెబుతాడు. ఈ మార్కెట్‌ను నడిపిస్తున్నది చిత్తు కాగితాలు ఏరుకునేవాళ్లు. మీ ఆదాయం లెక్కలో వాళ్ల పేరు లేకపోతే, ఉన్న కూడు కూడా పోతుందేమోనన్నదే వాళ్ల టెన్షన్. పుణేలో వాళ్లే ‘స్వచ్ఛ్’ అనే సహకార సంఘంగా ఏర్పడి, 2008 నుంచి నగరపాలక సంస్థతో ఒప్పందం మీద ఇంటింటా చెత్త సేకరిస్తున్నారు. ఇక్కడ వార్డుకో పొడి చెత్త కేంద్రం పెట్టి అలాంటి సంఘాలకు అప్పగిస్తే, అమ్మకం డబ్బు వాళ్లకే వెళ్తుంది. కార్పొరేషన్‌కు రవాణా బరువు తగ్గుతుంది, అదీ ఆదాయమే.

ఇంకొక్క మాట. మోసిన బరువును బట్టి కాంట్రాక్టరుకు బిల్లు ఇస్తున్నంత కాలం చెత్త తగ్గాలని అతనెందుకు కోరుకుంటాడు? వేరు చేసి అందించిన సరుకుకు ఎక్కువ, కలిపి తెచ్చినదానికి తక్కువ అని ఒప్పందంలో రాయండి.

ముందుగా విశాఖ రైతుబజార్లు, పూర్ణా మార్కెట్, బీచ్ రోడ్డు బొండాలు, ఈ మూడింటికి విడి బండ్లు, దగ్గర్లో ఒక గ్యాస్ ప్లాంటు, ఒక పీచు యంత్రం ఏర్పాటు చేయించండి. ఏ నెలలో ఎన్ని టన్నులు వచ్చాయో, ఎంతకు అమ్మారో వార్డు సచివాలయం గోడమీద అంటించమనండి.

ఇట్లు,
సీతమ్మధార నివాసి, విశాఖపట్నం