శ్రీలంక కొండ యాత్ర: ఎంపికకు ముందు గంటల లెక్క

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక పర్యాటక పుటలో శ్రీలంకకు చిన్న బృందాలతో సాగే యాత్రల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ధర ఎంత, ఎన్ని ప్రదేశాలు చూపిస్తారు, హోటలు ఏ స్థాయిది అన్న మూడు గడులతో వేసిన పట్టిక చూడడానికి ముచ్చటగానే ఉంది గానీ, దాన్ని నమ్ముకుని ఎంపిక చేసుకోబోయే వారికి వారం రోజుల్లో పదకొండు ప్రదేశాలు చూపే యాత్ర ఏడు చూపే యాత్ర కంటే తప్పకుండా మెరుగైనదిగా కనిపిస్తుంది. రెండుసార్లు, రెండు వేర్వేరు బృందాలతో ఆ దేశం వెళ్లి వచ్చిన దాన్ని కనుక, ఆ పట్టికలో లేని నాలుగో గడి గురించి రాయాలనిపించింది. బండిలో కూర్చుని ఎన్ని గంటలు గడపాలన్నదే ఆ గడి.

పటంలో చూస్తే శ్రీలంక చిన్న దేశం. ఉత్తర దక్షిణాలుగా సుమారు 430 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 225 కిలోమీటర్లు మాత్రమే. అయితే చుట్టూ ఉన్న మైదానం నడుమ కొండలు ఒక్కసారిగా లేచి, పిదురుతలాగల శిఖరం దగ్గర 2,524 మీటర్ల ఎత్తుకు చేరతాయి. ఈ సంగతి పటంలో రంగుల తేడాగా కనిపిస్తుంది తప్ప ప్రయాణ సమయంగా కనిపించదు. కొలంబో నుంచి గాలె వరకు ఎక్స్‌ప్రెస్ మార్గంలో వంద కిలోమీటర్లకు పైగా దూరాన్ని రెండు గంటల లోపే దాటవచ్చు. క్యాండీ నుంచి నువారా ఎలియా వరకు ఉన్నది 80 కిలోమీటర్ల లోపే అయినా, రంబొడ ఘాట్ రోడ్డు ఎక్కి చేరేసరికి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. దారిలో జలపాతం దగ్గర ఒకరు, కడుపులో తిప్పుతోందని ఇంకొకరు బండి ఆపమంటే ఆ పైన మరో అరగంట. విమానాశ్రయం నుంచి దంబుల్లాకు, అక్కడి నుంచి క్యాండీకి, నువారా ఎలియాకు, ఎల్లాకు, యాలా అడవికి, గాలెకు, తిరిగి కొలంబోకు అని వరసగా రాసుకుని ఒక్కొక్క దశకు పట్టే సమయం కూడితే, వారం రోజుల యాత్రలో ఇరవై గంటలకు దగ్గరగా బండిలోనే గడుస్తుందని తేలుతుంది. రోజుకో హోటలు మారడం, రోజూ పొద్దున్నే పెట్టె సర్దుకోవడం ఈ లెక్కలోకి రానే రావు.

నా మొదటి యాత్రలో జరిగినది చెబితే ఈ గంటల లెక్క ఎందుకో అర్థమవుతుంది. పేరు చెప్పడం భావ్యం కాని ఒక సంస్థ కార్యక్రమంలో హార్టన్ ప్లెయిన్స్ ఉంది. దాదాపు 2,100 మీటర్ల ఎత్తున గడ్డి మైదానాలు, పొట్టి చెట్ల మబ్బు అడవులు ఉన్న జాతీయ వనమది. 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన మధ్య కొండల్లో ఒక భాగం. అక్కడ వరల్డ్స్ ఎండ్ అనే కొండ అంచున నిలబడితే నేల ఒక్కసారిగా కిందికి తెగిపోయి, లోయలోని పల్లెలు, తేయాకు తోటలు కాళ్ల కింద కనిపిస్తాయి. కనిపించేది మాత్రం పొద్దున్నే. తొమ్మిది, పది గంటలయ్యేసరికి లోయలోంచి మబ్బు లేచి అంచును కప్పేస్తుంది. ద్వారం ఆరింటికే తెరుస్తారు కనుక, నువారా ఎలియాలో రాత్రి బస చేసి చీకటితో బయలుదేరిన వారికే ఆ దృశ్యం దక్కుతుంది. మా సంస్థ హోటలు ఖర్చు కలిసి వస్తుందని మమ్మల్ని క్యాండీలోనే రెండో రాత్రి కూడా ఉంచి, తెల్లవారుజామున బండెక్కించింది. మేము వనం ద్వారం చేరేసరికి పది దాటింది. తొమ్మిది కిలోమీటర్ల చుట్టు నడక పూర్తిచేసి, తెల్లటి గోడ లాంటి మబ్బు ముందు నిలబడి ఫొటోలు దిగి వచ్చాం. ‘హార్టన్ ప్లెయిన్స్ చూశారు’ అని కార్యక్రమ పత్రంలో టిక్కు పడింది. పదకొండు ప్రదేశాల పట్టికలో అది కూడా ఒకటే కదా!

అందువల్ల ఏ ప్రదేశం ఉన్నది అని అడిగే ముందు, దానికి ముందు రాత్రి బస ఎక్కడ, అక్కడికి చేరేది ఎన్ని గంటలకు అని అడగడం మేలని నా అనుభవం. కొండల్లో కనీసం రెండు చోట్ల రెండేసి రాత్రులు ఉంచే యాత్ర, ధర కొంచెం ఎక్కువైనా, ప్రదేశాల సంఖ్య తగ్గినా, నా దృష్టిలో మెరుగైనది. మొదటి రోజు వాన పడితే రెండో రోజు మిగులుతుంది.

వాన ప్రస్తావన వచ్చింది కనుక, ముప్పై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పిన దాన్ని, కొంచెం సాగదీస్తే మన్నించండి. మీ వ్యాసంలో ‘శ్రీలంకకు ఏ నెలలోనైనా వెళ్లవచ్చు’ అని ఒక వాక్యం ఉంది. అది తప్పు కాదు గానీ, ఏ నెలలోనైనా ఒకే దారిలో వెళ్లవచ్చు అని అర్థం చేసుకుంటే మాత్రం తప్పే. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు హట్టన్, రత్నపుర వైపు పడమటి వాలులను తడిపేస్తాయి. అదే సమయంలో కొండల వెనుక ఉన్న ఊవా ప్రాంతం, అంటే ఎల్లా, బండారవేల, బదుల్లా వైపు, కొండలు వానను అడ్డుకోవడంతో వర్షచ్ఛాయలో పడి పొడి గాలులు వీస్తుంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య రుతుపవనాలతో పరిస్థితి తారుమారవుతుంది. తేయాకు రుచి కూడా ఈ గాలులనే అనుసరిస్తుంది. ఊవా తోటల మేలురకం తేయాకు జులై నుంచి సెప్టెంబరు వరకు వస్తే, పడమటి వైపు దింబుల తోటలది జనవరి నుంచి మార్చి వరకు వస్తుంది. సముద్రం సంగతీ అంతే. తిమింగిలాలు చూడడానికి దక్షిణాన మిరిస్సాకు డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లడం మంచిది. తూర్పున ట్రింకోమలీ, అరుగం బే తీరాలు అనుకూలంగా ఉండేది మే నుంచి సెప్టెంబరు వరకు.

ఇంత తేడా ఉన్న దేశంలో పన్నెండు నెలలకూ ఒకే కార్యక్రమం అచ్చువేసి, తేదీలు మాత్రం మార్చి అమ్మే సంస్థ ఆ కార్యక్రమాన్ని వాతావరణం చూసి తయారు చేయలేదని అనుకోవడానికి సందేహించనక్కర్లేదు. ఆగస్టులో వెళ్లే వారికి మిన్నేరియా చెరువు ఒడ్డున వందల ఏనుగులు గుమిగూడే దృశ్యం చూపించి, ఎల్లా మీదుగా తూర్పు తీరానికి తీసుకువెళ్లేది మంచి యాత్ర. ఫిబ్రవరిలో వెళ్లే వారిని పడమటి కొండల మీదుగా దక్షిణ తీరానికి దించేది మంచి యాత్ర. యాలా వనంలోని ముఖ్య భాగాన్ని ఎండలు ముదిరే సెప్టెంబరు ప్రాంతంలో కొన్ని వారాలు మూసివేయడం పరిపాటి కనుక, ఆ నెల కార్యక్రమంలోనూ యాలా పేరు కనిపిస్తే దాని బదులు ఏ అడవికి తీసుకువెళతారో ముందే అడగాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన దాదాపు అన్ని చోట్లా ఉంటుంది. కొండ వాలులు జారేదీ ఎక్కువగా అప్పుడే.

2025 నవంబరు చివరలో దిత్వా తుపాను తెచ్చిన వానలకు మధ్య కొండల్లో చరియలు విరిగిపడి, ఎంతో ప్రాణనష్టం జరగడమే కాక రోడ్లు, కొండ రైలు మార్గం తీవ్రంగా దెబ్బతిన్నాయి. ప్రతి సంస్థా తన కరపత్రం మీద ముద్రించుకునే బొమ్మ ఆ రైలుదే. కొలంబో నుంచి మొదలైన ఆ మార్గం 1924లో బదుల్లా చేరింది. పట్టిపొల స్టేషను 1,891 మీటర్ల ఎత్తున ఉంది. క్యాండీలో ఎక్కితే ఎల్లా చేరడానికి మామూలు రోజుల్లో ఆరేడు గంటలు. కార్యక్రమంలో ‘రైలు ప్రయాణం’ అన్న రెండు మాటలు చూసి సంబరపడవద్దు. ఏ స్టేషను నుంచి ఏ స్టేషను వరకు, రిజర్వు చేసిన సీటా లేక తలుపు దగ్గర నిలబడాలా, మార్గం పూర్తిగా నడవకపోతే దానికి బదులు ఏమిటి అన్న మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద తీసుకోవాలి. మొదటి యాత్రలో మా ‘రైలు ప్రయాణం’ రెండు పక్కపక్క స్టేషన్ల దూరంతోనే ముగిసిపోయింది. రెండోసారి నాను ఓయాలో ఎక్కి ఎల్లాలో దిగాం. సామాను బండిలో రోడ్డు మీదుగా ముందే చేరిపోయింది. చిన్న బృందం వల్ల కలిగే అసలైన సుఖం ఇటువంటి ఏర్పాట్లలోనే ఉంటుంది.

ఇక ‘చిన్న’ అన్న మాట సంగతి. దీనికి ఎవరూ హద్దు గీయలేదు. ఆరుగురిని చిన్న బృందమనే సంస్థ ఉంది, ఇరవై మందిని చిన్న బృందమనే సంస్థా ఉంది. మొదటిసారి మేము పద్దెనిమిది మందిమి, రెండోసారి ఏడుగురం. పద్దెనిమిది మంది మినీ బస్సు దిగి, మరుగుదొడ్లకు వెళ్లి, టీ తాగి, మళ్లీ ఎక్కేసరికి ముప్పావుగంట గడిచేది. ఏడుగురికి పదిహేను నిమిషాలు చాలేది. రోజుకు నాలుగుసార్లు ఆగితే తేడా ఎంతో ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. అయితే మరీ చిన్న బృందంలో ఒక ఇబ్బంది ఉంది. శ్రీలంక పర్యాటకాభివృద్ధి సంస్థ గైడులకు లైసెన్సులు ఇస్తుంది. వాటిలో బండి నడుపుతూ వివరించే షోఫర్ గైడ్ ఒక తరగతి. మరీ చిన్న బృందానికి డ్రైవరూ గైడూ ఆయనే కావచ్చు. ఊళ్లు చూడడానికి ఆయన చాలు, పైగా ఖర్చు తగ్గుతుంది. కొండల్లో నడవాలంటే మాత్రం ఆయన బండి దగ్గరే ఉండిపోవలసి వస్తుంది, ఘాట్ రోడ్డు మీద ఆయన వెనక్కి తిరిగి చరిత్ర చెప్పాలని నేనైతే కోరుకోను. నకల్స్ అడవుల్లోనో, తేయాకు తోటల గుండా 300 కిలోమీటర్లకు పైగా, 22 దశలుగా సాగే పెకో ట్రెయిల్ మీదో నడవదలచిన వారు డ్రైవరు వేరు, గైడు వేరుగా ఉండి, పదిమందికి మించని బృందాన్ని వెతుక్కోవాలి.

ధర విషయంలో రెండు మాటలు చెబుతాను. సిగిరియా రాతికోట వంటి చోట్ల విదేశీయుల ప్రవేశ రుసుము డాలర్లలో గట్టిగానే ఉంటుంది, భారత్ సహా సార్క్ దేశాల పాస్‌పోర్టు చూపిన వారికి మాత్రం తగ్గుతుంది. టికెట్లు యాత్ర ధరలో కలిసి ఉన్నాయని చెప్పే సంస్థ ఆ తగ్గింపును మనకు ఇచ్చిందా, తాను ఉంచుకున్నదా అని అడగడం అనుమానం కింద లెక్కకు రాదు. రెండోది, నాలాగా ఒంటరిగా వెళ్లే వారికి గది పంచుకునే తోడు దొరకకపోతే విడిగా కట్టవలసిన అదనపు సొమ్ము. దీన్ని చాలామంది చివరి కాగితంలో, చిన్న అక్షరాల్లో రాస్తారు.

మాతలేలో సుగంధ ద్రవ్యాల తోట, క్యాండీలో రత్నాల దుకాణం, బాతిక్ బట్టల కేంద్రం వంటివి కార్యక్రమంలో ‘సందర్శన’ పేరుతో కనిపిస్తే, అవి సాధారణంగా దుకాణాలిచ్చే కమీషను కోసం బండి ఆపే మజిలీలని గ్రహించాలి. ఒకటైతే వినోదమే.

రామాయణ స్థలాల యాత్రలను మీ వ్యాసం వేరే కోవలో పెట్టింది. నిజానికి వేరుగా చూడనక్కర్లేదు. రంబొడ కొండ మీది హనుమంతుని గుడి, సీతా ఎలియలోని సీతమ్మ గుడి రెండూ క్యాండీ నుంచి నువారా ఎలియా, అక్కడి నుంచి ఎల్లా వెళ్లే దారిలోనే ఉన్నాయి. తోటలు చూడాలనుకునేవారూ దర్శనం కావాలనుకునేవారూ ఒకే బండిలో తృప్తిగా వెళ్లవచ్చు.

పెద్దవారితో వెళ్లేవారు మెట్ల సంఖ్య కూడా అడగాలి. సిగిరియాకు సుమారు 1,200 మెట్లు. హట్టన్ వైపు నుంచి శ్రీపాద శిఖరానికి ఐదు వేలకు పైగా ఉన్నాయి. అది కూడా డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెల వైశాఖ పౌర్ణమి వరకే యాత్రా కాలం. ఆ తర్వాత దారి పొడవునా దీపాలుండవు, టీ కొట్లు మూసేస్తారు. మా మొదటి బృందంలో మోకాళ్ల నొప్పులున్న దంపతులు సిగిరియా కింద తోటలోనే మూడు గంటలు కూర్చున్నారు. వారికి బండిలో అరగంట దూరంలోని దంబుల్లా గుహల గురించి గానీ, ఆ గుహలకు చేరడానికీ కొన్ని వందల మెట్లుంటాయని గానీ ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఇకపై మీ పత్రికలో ఇటువంటి యాత్రల పట్టిక వేసేటప్పుడు, ధర పక్కన మరి నాలుగు గడులు చేర్చవలసిందిగా కోరుతున్నాను. రోజుకు బండిలో ఎన్ని గంటలు, ఒకే చోట వరసగా రెండు రాత్రులు ఎన్నిసార్లు, బృందంలో గరిష్ఠంగా ఎంతమంది, ఆ నెలలో ఆ దారిన వాన ఎంత. ఈ వివరాలు ఇవ్వడానికి ఏ సంస్థ అయినా నిరాకరిస్తే, ఆ గడిని ఖాళీగానే అచ్చువేయండి.

భవదీయురాలు,
విశ్రాంత భూగోళ ఉపాధ్యాయిని