సైకిల్ సంఘం వార్షిక నివేదిక 2024-25: కాలువగట్ల దారులు, అంతర్వేది యాత్ర

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక సభ్యుల చేతికి అందాలని మన నిబంధన. ఆ ప్రకారం దీన్ని పంపుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్ళీ చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ఈ ఏడాది మన ముఖ్యమైన పని గోదావరి మధ్య డెల్టాలో, అంటే గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, సైకిల్ దారిని ఒక కొస నుంచి మరో కొస దాకా కలపడం. ఇంతకుముందు మన దగ్గర ఉన్నవి తెగిపోయిన ముక్కలు. లొల్ల దాకా ఒకటి, పి.గన్నవరం చుట్టుపక్కల ఒకటి, రాజోలు దిగువన ఒకటి. ఇప్పుడు ధవళేశ్వరంలో ఎక్కిన మనిషి అంతర్వేదిలో దిగవచ్చు. మధ్యలో తారు రోడ్డు పూర్తిగా తప్పదు గానీ, చాలా భాగం కాలువగట్టు మీదో ఏటిగట్టు మీదో సాగుతుంది. మొత్తం వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. దారి జీపీఎస్ ఫైలు సభ్యులందరికీ పంపాం. అందలేదని ఫోను చేసేవారు ముందు తమ ఈమెయిల్ తెరిచి చూడవలసిందిగా మనవి.

గట్లన్నీ ఒకటే అనుకునే కొత్త సభ్యుల కోసం ఒక మాట. డెల్టా నేల నల్ల బంకమన్ను. గ్రావెల్ ఇక్కడ దొరకదు, మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో తెచ్చి పోయవలసిందే. ఎర్ర గ్రావెల్ పోసి రోలర్ తిప్పిన గట్టు మీద నలభై మిల్లీమీటర్ల టైరు ఏ కాలంలోనైనా హాయిగా పోతుంది. గ్రావెల్ పడని చోట మాత్రం ఒక్క వాన చాలు. నాలుగు గజాలు పోకముందే చక్రానికీ ఫోర్కుకూ మధ్య మన్ను ఇరుక్కుని, సైకిల్ మనల్ని మోయడం మాని మనమే సైకిల్‌ని మోయవలసి వస్తుంది. అదే మన్ను ఎండాక ట్రాక్టర్ చక్రాల గాడులు రాయిలా బిగుస్తాయి, వాటిలో పడితే హ్యాండిల్ మాట వినదు. అందుకే ఈసారి మ్యాపులో ప్రతి ముక్క పక్కనా అది ఏ నెలల్లో పనికొస్తుందో రాశాం. ఇది ఇంట్లో కూర్చుని రాసింది కాదు. సార్వా (ఖరీఫ్) కోతల తర్వాత ఒకసారి, వేసవిలో కాలువలు కట్టేశాక, అంటే నీళ్ళు ఆపేశాక, మరోసారి తొక్కి చూసి రాసింది. ఆ పని చేసిన నలుగురైదుగురు ఎవరో మీకు తెలుసు. పేర్లు రాయవద్దని వాళ్ళే అన్నారు. వాళ్ళకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి, జనవరి నెలాఖరులో జరిపిన ఆనకట్ట నుంచి అంతర్వేది యాత్ర. భీష్మ ఏకాదశికి అంతర్వేది లక్ష్మీనరసింహ స్వామివారి కల్యాణం, ఆ రద్దీ మొదలుకాక ముందే వెళ్ళి రావాలని ఆ తేదీ పెట్టుకున్నాం. తెల్లవారుజామున మంచులో ధవళేశ్వరం కాటన్ మ్యూజియం ముందు కలిశాం. 1847లో మొదలై 1852లో ముగిసిన పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకి నాలుగు భాగాలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మొదటి రెండూ దాటితే బొబ్బర్లంక. మధ్య డెల్టాకు నీళ్ళు వదిలేది అక్కడే, మన మట్టి దారి మొదలయ్యేదీ అక్కడే. ఎడమ చేతికి గౌతమి, కుడి చేతికి వశిష్ఠ, మధ్యలో కాలువ. ఆత్రేయపురంలో పూతరేకులు కొనకుండా ముందుకు కదలమని కొందరు భీష్మించుకున్నారు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు కాబట్టి తప్పుపట్టలేం గానీ, ఆ ఆగడంతో అనుకున్న వేళ తప్పింది.

లొల్ల లాకుల దగ్గర ఎక్కువసేపే ఉన్నాం, అది మాత్రం దండగ కాదు. అక్కడి లస్కరు (కాలువ, లాకుల పని చూసే సిబ్బంది) ఒకాయన మనవాళ్ళకు లాకు పనిచేసే తీరు వివరించారు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూసి, ముందు తూము తెరిచి, లోపలి నీటిమట్టం దిగువ కాలువతో సమానమయ్యాక ముందు తలుపులు తీస్తారు. ఒకప్పుడు ధాన్యం, కొబ్బరికాయలు, కలప, మనుషులు అంతా ఈ దారినే పోయేవారు. కాలువగట్లు అంత వెడల్పుగా, తిన్నగా ఉండటానికి ఒక కారణం పడవలను తాళ్ళతో లాగుతూ మనుషులు ఆ గట్ల మీదే నడవడం. ఇవాళ మన సైకిళ్ళు పోతున్నది వాళ్ళు నడిచిన బాట మీదే. పడవలు పోయాయి, గుర్రపుడెక్క మిగిలింది.

రాత్రి బస పి.గన్నవరంలో. మర్నాడు పొద్దున్నే వైనతేయ మీది అక్విడక్టు. దాన్ని మొదటిసారి చూసిన రాజమహేంద్రవరం సభ్యులు కొందరు సైకిళ్ళు దిగి అలాగే నిలబడిపోయారు. కింద నది ఒక దిక్కుకు, పైన కాలువ మరో దిక్కుకు పోతుంటే ఎవరైనా నిలబడతారు. 19వ శతాబ్దం మధ్యలో కట్టిన పాతది 49 ఆర్చీల మీద నిలిచింది. నగరం దీవికి, అంటే ఇవాళ్టి రాజోలు వైపు పొలాలకు, గోదావరి నీళ్ళు అందింది దాని మీదుగానే. పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆమె అంతర్వేది యాత్రికులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన సంగతి కోనసీమలో తెలియనివారు లేరు. మనమూ అంతర్వేది పోతున్నవాళ్ళమే కాబట్టి, ఆ ఉదయం మనకు ఇడ్లీలు పెట్టి డబ్బు పుచ్చుకోని గన్నవరం కుటుంబానికి ఈ నివేదికలో ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

రాజోలు దాటాక గాలి మొదలైంది. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల దిగేది మహా అయితే పదిహేను మీటర్లు, ఎత్తుపల్లాలు లేని దారి ఏముందిలే అని వచ్చిన యువకులు మధ్యాహ్నం ఎదురుగాలికి తలలు వంచుకుని, కొబ్బరితోటల చాటు కోసం వెతుక్కున్నారు. గట్టు మీద తుమ్మముళ్ళు తమ పని తాము చేశాయి. ట్యూబు లేని టైర్లలో సీలెంటు (చిల్లులు పూడ్చే ద్రవం) పోసుకున్నవాళ్ళు ముల్లు పీకి ముందుకు సాగారు. వద్దని చెప్పినా సన్న టైర్లతో వచ్చినవాళ్ళు కొబ్బరిచెట్ల కింద పంక్చర్లు వేసుకున్నారు. వెనక క్యారేజీ ఉన్న మామూలు సైకిల్ మీద వచ్చిన మన పెద్దాయన, విశ్రాంత ఉపాధ్యాయులు, వాళ్ళను పలకరిస్తూ దాటిపోయి అందరికంటే ముందు వశిష్ఠ సాగరసంగమం చేరారు. గేర్ల సైకిల్ కొంటే తప్ప సంఘంలో చేరకూడదేమో అని అడిగేవారికి ఇదే నా జవాబు.

తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి పంటు (మనుషులనూ బళ్ళనూ ఏరు దాటించే పెద్ద పడవ) మీద దాటాం. సైకిళ్ళన్నీ ఒకే ట్రిప్పులో ఎక్కించిన పంటు సిబ్బందికి, మంచినీళ్ళు ఇచ్చిన కొబ్బరి దింపు కార్మికులకు, రాత్రి బసకు చోటు ఇచ్చిన పెద్దలకు, తన వ్యాన్‌లో సామాను మోసి డీజిల్ డబ్బు కూడా తీసుకోని సభ్యునికి, మందుల పెట్టె పట్టుకుని చివరి సైకిల్ వెనకే వచ్చిన డాక్టరుగారికి, బనియన్లు అచ్చువేయించిన దాతకు, రాత్రి చపాతీలు చేసిన మహిళా సభ్యులకు, ఆ చపాతీలు తినడానికి మాత్రమే కారులో వచ్చిన కార్యవర్గ సభ్యులకు కూడా ధన్యవాదాలు.

ఇప్పుడు చెప్పక తప్పని మాటలు. యాత్రకు ముందు లొల్ల నుంచి దిగువకు గుర్తులు వేయడానికి, దారికి అడ్డొచ్చిన ముళ్ళకంపలు కొట్టడానికి ఒక ఆదివారం పెట్టుకున్నాం. వాట్సాప్‌లో బొటనవేళ్ళు వరసగా లేచాయి. ఆదివారం ఉదయం రంగు డబ్బాలు, కత్తులు, టిఫిన్లు వచ్చాయి, మనుషులు రాలేదు. వచ్చిన కొద్దిమందే మధ్యాహ్నం దాకా పనిచేసి, మిగిలిన టిఫిన్లు లాకుల దగ్గర పిల్లలకు పంచి వచ్చాం. ఫొటోల్లో మొదటి వరసలో నిలబడేవారు పనిరోజున చివరి వరసలోనైనా కనిపించాలని నా విన్నపం.

రెండోది, గట్ల సంగతి. వేసవిలో కాలువలు కట్టినప్పుడు పూడిక తీస్తారు, అది అవసరమే. తీసిన మట్టిని గట్టు మీదే కుప్పలుగా వదిలేసి వెళ్ళిపోతున్నారు. ఎండిన ఆ గడ్డల మీద సైకిల్ కాదు, ఎడ్లబండి కూడా పోదు. మన ఒక్కళ్ళ ఇబ్బందే కాదు, ఎరువు బస్తా సైకిల్ మీద పెట్టుకుని పొలం వెళ్ళే రైతు కూడా దిగి నడుస్తున్నాడు. కుప్పలు చదును చేయమని, దారి గుర్తులకు అనుమతి ఇమ్మని సంబంధిత కార్యాలయానికి ఉత్తరం రాశాం. జవాబు లేదు. స్వయంగా వెళితే సారు క్యాంపులో ఉన్నారన్నారు. మళ్ళీ వెళితే ఆ సారు బదిలీ అయ్యారు, కొత్త సారు క్యాంపులో ఉన్నారు. ఉత్తరం నకలు మాత్రం ఫైల్లో భద్రంగా ఉందని గుమస్తాగారు చూపించారు. కింది స్థాయిలో లస్కర్లు మాత్రం ఎప్పుడు అడిగినా దారి చెప్పారు, నీళ్ళు ఎప్పుడు వదులుతారో చెప్పారు. వాళ్ళ సాయం లేకపోతే మ్యాపు లేదు.

పశ్చిమ డెల్టాలో పని సగమైనా కాలేదు. విజ్జేశ్వరం నుంచి నరసాపురం కాలువ వెంట పై భాగం బాగుంది. కిందికి పోయేకొద్దీ చేపల, రొయ్యల చెరువుల లారీలు గట్టును గుంతలమయం చేశాయి. తూర్పున కాకినాడ కాలువ, కోరంగి కాలువ ఇంకా చూడవలసి ఉంది. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య పంటు మీద గౌతమి దాటితే తూర్పు, మధ్య డెల్టాలు కలిపి ఒక చుట్టు దారి అవుతుంది. వచ్చే ఏడాదికి అది నా ప్రతిపాదన.

సభ్యులు పాటించవలసినవి రెండున్నాయి. రోడ్డు మీద, గట్టు మీద ధాన్యం ఆరబోసి ఉంటే దిగి పక్కనుంచి నడిపించాలి. దాని మీదుగా తొక్కిన ఒకరిద్దరి వల్ల ఒక ఊళ్ళో మనందరం మాట పడ్డాం. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఏటిగట్టు దారులు మూసినట్టే లెక్క. 1986 వరదల్లో గట్లు తెగిన సంగతి పెద్దలను అడగండి. వరదనీటికి గట్టెక్కే పాములు సైకిల్ గంటకు తప్పుకోవు.

జమాఖర్చులు కోశాధికారి పట్టికలో ఉన్నాయి, ఆడిట్ అయింది, యాత్రకు వచ్చిన విరాళాలు యాత్రకే సరిపోయాయి. చందా బకాయిలు ఉన్నవారి పేర్లు ఈసారికి చదవడం లేదు.

సమావేశంలో కొత్త కార్యవర్గ ఎన్నిక, చుట్టు దారి ప్రతిపాదన, చందా పెంపు చర్చకు వస్తాయి. కార్యదర్శి పదవికి ఎవరైనా ముందుకు వస్తే ఫైళ్ళన్నీ అదే రోజు అప్పగిస్తాను. సంఘం గాలి పంపులు, గొలుసు బిగించే పనిముట్టు యాత్ర నాటి నుంచి ఎవరి ఇంట్లో ఉన్నాయో తెలియదు. ఉన్నవారు సమావేశానికి వచ్చేటప్పుడు వెంట తేవాలి.

ఇట్లు,
కార్యదర్శి