ఆదివారం షెడ్డుకు చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను 30 ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. గాజువాకలో మా వీధి చివరి షెడ్డులో ప్రతి ఆదివారం ఇరవైమందిమి కలుస్తాం. కుర్రాళ్లు దాన్ని హ్యాకర్‌స్పేస్ అంటారు. పేరు విని దొంగపని అనుకోకండి. ఎవరి సామాను వాళ్లు తెచ్చిపెట్టి, అందరం కలిసి వాడుకునే చోటది. బెర్లిన్‌లో 1995లోనే ఇలాంటిది మొదలైందట.

నా డ్రిల్లింగ్ మెషీన్, బెంచి వైసు అక్కడే పెట్టేశాను. ఇంజినీరింగ్ చదివే ఒకమ్మాయి త్రీడీ ప్రింటర్ తెచ్చింది. ప్లాస్టిక్ తీగను కరిగించి, పొర మీద పొర వేస్తూ వస్తువులు తయారుచేసే యంత్రమది. మన సముద్రపు గాలికి దాని ప్లాస్టిక్ తీగ తేమ పీల్చుకుంటుంది. వేడి తగలగానే చిటపటలాడుతుంది, పొరలు సరిగ్గా అతకవు. అందుకే తీగను గట్టి మూత డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాస్తాం. డ్రిల్ బిట్లు తుప్పు పట్టకుండా నూనెగుడ్డతో తుడవడం పిల్లలకు నేను నేర్పాను.

"మాస్టారూ, టంకం ఆరకముందే కదిపేశాను" అని మొన్న ఒకబ్బాయి వచ్చాడు. అలా కదిలితే పైకి అతికినట్టే ఉంటుంది గానీ కరెంటు సరిగ్గా పారదు. చెయ్యి పట్టుకుని మళ్లీ వేయించాను. వీడియోలు చూస్తే వచ్చే పని కాదిది.

ఇప్పుడు షెడ్డు యజమాని నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. ఇంత సామాను ఎక్కడ పెట్టాలో తెలియక అందరికీ టెన్షన్‌గా ఉంది. నగరపాలక సంస్థ వారు ఏదైనా కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు ఒక గది, తాళం వేసుకోవడానికి ఒక బీరువా ఇప్పించాలని కోరుతున్నాం. కరెంటు ఖర్చు మేమే పెట్టుకుంటాం.

– ఒక రిటైర్డ్ ఫిట్టర్, గాజువాక, విశాఖపట్నం