పిల్లి నీది, మెంతి మడి ఆయనది

వడ్డేపల్లి, హనుమకొండ

అరేయ్ సీనుగా,

నీ ఉత్తరం అందింది. అందరు మంచిగున్నరన్నవ్, సంతోషం. గాని మిగిలిన రెండు పేజీలు, నీ పిల్లి తన మెంతి మడిల దొడ్డికి పోతుందని కొట్లాడిన పక్కింటాయనను తిట్టుడే ఉంది గదరా! "పిల్లి అన్నంక బయటికి పోదా, కట్టేసి పెంచుతరా" అని రాసినవ్. నీకు కోపమొచ్చినా సరే, ఆ పెద్దమనిషి కొట్లాటల న్యాయం ఉంది.

నువ్వు ఎన్నడు మడి చెయ్యలే గాబట్టి నీకు ఎర్కలేదు. మా ఇంటెనుక మీ వదిన ఏటా చలికాలం మెంతికూర, కొత్తిమీర ఏస్తది. మన్ను గుల్ల చేసి, పెంటెరువు కలిపి, ఇత్తనాలు చల్లుతది. పిల్లికి గావాల్సింది గా గుల్ల మన్నే. తెల్లారి చూస్తే మడి నడుమ గుంత, మొలకొచ్చే గింజలన్ని పక్కకు ఎగజిమ్మి ఉంటయ్. పైన మన్ను కప్పి పోతది గద, గడ్డి పీకెతందుకు చెయ్యి పెడితేనే తెలుస్తది. ఆ వాసన సబ్బుకు గూడ లొంగది. అది మా వాడకట్టు చివరి ఇంటోళ్ల పిల్లి. మెడల గంట కట్టిన్రు, దానితోని ఫొటోలు దిగుతరు. దొడ్డికి మాత్రం వాడ మీదికి ఇడిచిపెట్టిన్రు.

రోత ఒక్కటే అయితే కడుక్కుందుము. మా కోడలికి ఇప్పుడు ఐదో నెల. ఎలుకల్ని తినే పిల్లికి టాక్సోప్లాస్మా అనే క్రిమి సోకితే, కొన్నాళ్లు దాని పెంటల ఆ క్రిమి గుడ్లు పడుతయ్. ఒకటి నుంచి 5 రోజులల్ల అవి అంటుకునే తీరుకొస్తయ్, తేమ మన్నుల నెలలకొద్ది ఉంటయ్. గర్భిణికి కొత్తగ సోకితే కడుపుల బిడ్డకు ముప్పు. అన్ని పిల్లులకు ఉండది, నిజమే. ఏదానికి ఉందో మొకం చూసి చెప్పలేం గద! కోడల్ని మడి దిక్కు పోనిస్తలేం, కూరాకు మూడు నీళ్లల్ల కడుగుతున్నం.

ఇగ నీ పని. ఒక పాత ప్లాస్టిక్ టబ్బుల నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి, అది తినే కాడికి దూరంగ పెట్టు. మొదట్ల ఆయన మడి మన్నే పిడికెడు అడిగి తెచ్చి కలుపు, వాసన పట్టి వస్తది. పైన చెప్పిన గుడ్లు అంటుకునే తీరుకు రాకముందే, పెంట రోజూ తీసెయ్యాలె. మురికి టబ్బుల పిల్లి కాలు పెట్టది, మళ్ల గోడ దుంకుతది. పాలు పోసుడు బంద్ చెయ్. పెద్దయిన పిల్లులు చాలావాటికి పాలు అరగయ్, ఆ జారుడంత పోయేది పక్కింటి మడిలకే. ఆడది అన్నవ్ గదా, ఐదారు నెలలు నిండంగనే పశువుల డాక్టరు కాడ ఆపరేషన్ చేయించు. లేకుంటే చూలు కట్టినంక రెండు నెలలకే ఈనుతది, ఈతకు నాలుగైదు కూనలు. అప్పుడు వాడంత నీ మీదికొస్తది.

ఆయన కలరా ఉండలు చల్లిండన్నవ్. గది మాత్రం ఆయన తప్పే, పిల్లి మింగితే పానం మీదికొస్తది. కొట్లాటకు దిగకు. నువ్వే ఇన్ని తుమ్మకంపలు కొట్టుకపోయి మడి మీద పరువు, మొలకలు లేచేదాక ఉంచితే సాలు. చెడిపోయిన ఇత్తనాలకు పైసలియ్యి, వద్దన్నా ఇయ్యి.

బతుకమ్మకు పిల్లలతోని రా, పద్మాక్షి గుట్ట కాడికి పోదాం. వచ్చేటప్పుడు పిల్లిని ఎవరికన్న అప్పజెప్పి రా, పెరట్ల ఇడిచి రాకు.

నీ,
యాదగిరి