రైతు గ్రూపుల్లో ఏఐ సలహాలు: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

అనంతపురం జిల్లా కూడేరు మండలం నుంచి ఒక శనక్కాయ రైతు నమస్కరించి రాసేది.

మా ఊళ్లలో పంట సంగతులన్నీ ఇప్పుడు వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. రైతు సేవా కేంద్రం గ్రూపు ఒకటి, మందుల అంగడి వాళ్లది ఒకటి, కుర్రోళ్లు పెట్టుకున్నది ఇంకొకటి. ఎవరో తెగులు పడిన చెట్టు ఫోటో పెడతారు. ఇంకెవరో దాన్ని ఏఐకి చూపించి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు గ్రూపులో వేస్తారు. మందు పేరు, ఎకరాకు ఎంత కొట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. చక్కని తెలుగులో ఉంటుంది కాబట్టి శాస్త్రవేత్త చెప్పినట్టే అనిపిస్తుంది.

పోయిన ఖరీఫ్‌లో లేత చెట్ల చిగుర్లు నల్లబడి మాడుతుంటే, అది బూజు తెగులని, ఫలానా మందు కొట్టమని మా గ్రూపులో మెసేజ్ వచ్చింది. చాలామంది అప్పటికప్పుడే కొని కొట్టారు. కానీ కాండం కుళ్ళు రెండు రకాలు. బూజు వల్ల వచ్చేదైతే నేల దగ్గర కాండం మొదలు తెల్లగా అవుతుంది, ఆవగింజల్లాంటివి కనిపిస్తాయి. చిగురు నుంచి మాడుతూ కిందికి దిగితే అది వైరస్. వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలోని వైరస్‌ను తామర పురుగులు మోసుకొచ్చి అంటిస్తాయి. సోకిన చెట్టును ఏ మందూ బతికించదు. వయ్యారిభామను పూతకు రాకముందే పీకెయ్యాలి, చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగు సాళ్లు వేసుకోవాలి. 2000లో ఈ తెగులే మన జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్లను దెబ్బతీసింది. 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం. ఆ ఏడు చూసిన పెద్దాయన ఒకరు చేనిలోకి దిగి చూసి చెప్పేదాకా మావాళ్లు మందు కొంటూనే ఉన్నారు. ఆ డబ్బుకు బాధ్యులెవరని అడిగితే పలికేవాళ్లు లేరు.

అలాగని ఏఐని పూర్తిగా నిషేధించమని నేను అడగను. డబ్బా మీద ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఫోటో తీసి తెలుగులో చెప్పించుకునే రైతులున్నారు. ఎర్ర త్రిభుజం ఉంటే అత్యంత విషమని అలా తెలుసుకున్నవాళ్లూ ఉన్నారు. చదువురాని వాళ్లకు అది పెద్ద ఆసరా. పీఎం కిసాన్ సందేహాలకు కేంద్ర ప్రభుత్వమే 2023లో కిసాన్ ఈ-మిత్ర అనే ఏఐ చాట్‌బాట్ పెట్టింది కదా!

రైతు సేవా కేంద్రాల గ్రూపులు మీ శాఖ చేతిలోనివే. ముందు వాటికి ఒక నియమం పెట్టించండి. ఏఐ రాసిందైతే ఆ మాట పైనే చెప్పాలి. మందు, మోతాదు ఉన్న సలహా ఏదైనా గ్రామ వ్యవసాయ సహాయకులో, రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలో చూసి, తమ పేరు పెట్టాకే గ్రూపులోకి రావాలి. ఏఐ తయారుచేసిన పంట ఫోటోలను మాత్రం అసలు రానివ్వొద్దు. పక్క ఊరి చేలో పురుగు పడిందని ఫోటో చూసే మేము మా చేనికి పరిగెత్తుతాం. ఆ ఫోటోనే అబద్ధమైతే ఇక దేన్ని నమ్మాలి?

సహాయకులకు ఈ-క్రాప్ అనే పంటల నమోదుతోనే తీరిక లేదని తెలుసు. అందుకే మండలానికి ఒకరికి ఈ పని ప్రత్యేకంగా అప్పగించండి. రాత్రి ఎనిమిదింటికి అడిగినా ఏఐ జవాబిస్తోంది, మనిషి దొరకడం లేదు. అసలు తంటా అక్కడే ఉంది. ఫోటో పెట్టిన రోజే తెలిసిన మనిషి పలికితే మా టెన్షన్ సగం తగ్గుతుంది.

జులైలో అదను చూసి విత్తనం వేస్తాం, నెల తిరిగేసరికి తెగులు ఫోటోలు మొదలవుతాయి. విత్తనం పడేలోగా ఈ ఉత్తర్వు ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
కూడేరు మండలం రైతు