ఎసెన్సు సీసాలకు ఎండెందుకు?

సంపాదకులకు,

మా అమలాపురంలో కేకు సామాను అమ్మే కొట్లలో వెనిల్లా ఎసెన్సు సీసాల్ని పడమటెండ పడే అద్దాల బీరువాలో పేరుస్తున్నారు. వేడికీ వెలుతురుకీ వాసన చచ్చిపోతుంది. ముదురు రంగు సీసాలో, మూత బిగించి, పొయ్యికి దూరంగా చీకటి అలమరలో ఉంచాలి. ఫ్రిజ్ అక్కర్లేదు. అసలు వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్‌లో, అంటే వెనిల్లా కాయల నుంచి తీసిన సారంలో, ఆల్కహాలు కనీసం 35 శాతం ఉండాలని అమెరికా నిబంధన. అందుకే అది తొందరగా పాడవదు, మూత వదులైతే మాత్రం ఎగిరిపోతుంది. చవకగా దొరికే ఎసెన్సుల్లో ఉండేది కృత్రిమంగా చేసిన వెనిలినే (వెనిల్లా వాసననిచ్చే పదార్థం), లేబుల్ చదవండి.

కేకుకైతే వెన్న, పంచదార గిలకొట్టేటప్పుడే కలపాలి, కొవ్వు వాసనను పట్టి ఉంచుతుంది. పాయసానికైతే దించాకే. మా ఆడపడుచు మరుగుతున్న పాలలో పోసి, వాసన రాలేదని ఇంకో మూత పోస్తుంది! కొబ్బరి కేకుకి మాత్రం, నన్నడిగితే, ఏలకులే మేలు. కొట్టువాళ్లు దయచేసి ఆ సీసాల్ని లోపలి అరల్లోకి మార్చాలి.

– ఒక గృహిణి, అమలాపురం